కొబ్బరినీళ్లు ఎవరు తాగకూడదో చెప్పగల డిగ్రీ కావాలి: విశ్వవిద్యాలయ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి, పాఠ్య ప్రణాళిక సంఘం సభ్యులకు, గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల సూపరింటెండెంట్లకు నమస్కారం.

విషయం: గోదావరి డెల్టాలో న్యూట్రిషన్ చదువుతున్న డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఆసుపత్రి శిక్షణ, ప్రయోగశాల, రెగ్యులర్ అధ్యాపకులు కల్పించడం గురించి.

నేను ఈ విశ్వవిద్యాలయం పరిధిలోనే న్యూట్రిషన్‌లో పీజీ చేశాను. ఇప్పుడు కోనసీమలో ఒక కళాశాలలో గెస్ట్ ఫ్యాకల్టీగా అదే సబ్జెక్టు చెబుతున్నాను. ఈ లేఖలోని విషయాలు మీకు కొత్త కాదు. పోయిన విద్యా సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రులు, మేము కలిసి సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చాం. ఇన్‌వార్డులో ముద్ర వేసి తీసుకున్నారు. తర్వాత వెళ్లి అడిగితే ఫైలు పైకి వెళ్లిందన్నారు. ఎంత పైకి వెళ్లిందో గానీ ఇప్పటిదాకా కిందికి రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నిధుల ఇబ్బంది, సిబ్బంది కొరత మీకూ ఉన్నాయని తెలుసు. ఈ కోర్సు మన దగ్గర పెట్టినందుకు కృతజ్ఞతలు. ఇక అసలు సంగతికి వస్తాను.

మా కోర్సులో చేరేవాళ్లు ఎక్కువగా ఆడపిల్లలు. ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్‌లో సీటు రాక, నర్సింగ్‌కి ఇంట్లో ఒప్పుకోక ఇటు వస్తారు. "వంట నేర్చుకోడానికి యూనివర్సిటీ దాకా ఎందుకే, మీ అమ్మమ్మ నేర్పదా?" అని చుట్టాలు వేళాకోళం చేస్తారు. ఆ మాటలు పడి కూడా రోజూ పల్లెవెలుగు బస్సెక్కి, కొందరు లంకల నుంచి పడవ దాటి మరీ వస్తారు. కోర్సు పూర్తయ్యేసరికి మాంసకృత్తులు జీర్ణమయ్యే క్రమం నోటికి వచ్చేస్తుంది. క్రెబ్స్ సైకిల్ బొమ్మ కళ్లు మూసుకుని గీస్తారు. కానీ డయాలసిస్ మీద ఉన్న పెద్దాయన మంచం పక్కన కూర్చుని "నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నారు మావయ్యగారూ?" అని అడిగిన అనుభవం వాళ్లలో ఎవరికీ ఉండదు.

అది లేకపోతే ఏమవుతుందో చెబుతాను. మా కోనసీమలో ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూడటానికి ఎవరూ ఖాళీ చేతులతో వెళ్లరు. రెండు కొబ్బరి బొండాలు, ఒక అత్తం అరటిపళ్లు పట్టుకెళ్తారు. జ్వరంతో నీరసించిన మనిషికి అవి మంచివే. కిడ్నీలు పాడైన మనిషికి అవే ప్రమాదం. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. డాక్టరుగారు చీటీ మీద "పొటాషియం తగ్గించాలి" అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. ఆయన వెనక ఇంకా వందమంది ఉంటారు, ఆయన్ని అనడానికి లేదు. పొటాషియం అంటే బొండం, అరటిపండు, పాలకూర, టమాటా అని విడమరిచి, కూరముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేశాకే పోపు పెట్టమని ఇంటావిడకి చెప్పే మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి డైటీషియన్. ఆ మనిషిని తయారుచేయడానికే మీరు ఈ కోర్సు పెట్టారు. మేం తయారుచేస్తున్నామా అంటే, లేదు.

ఎందుకు లేదో వరసగా చెబుతాను.

1. ఇంటర్న్‌షిప్ కాగితం మీదే ఉంది.

పాఠ్య ప్రణాళికలో ఇంటర్న్‌షిప్ అని ఉంది. ఎక్కడ చేయాలో, ఎవరి కింద చేయాలో, ఏమేం నేర్చుకోవాలో లేదు. పిల్లలే తెలిసినవాళ్లను పట్టుకుని ఏదో ఒక ఉత్తరం తెచ్చుకోవాలి. కొందరు బేకరీలో చేశారు, కొందరు జిమ్ముల్లో చేశారు. ఆసుపత్రి గుమ్మం తొక్కకుండానే ఆసుపత్రి సర్టిఫికెట్ తెచ్చినవాళ్లూ ఉన్నారు. పేర్లు అడక్కండి, చెప్పను. తప్పు ఆ పిల్లలది కాదు.

రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష రాయాలి. దానికి ముందు ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. మా పిల్లలు దానికోసం హైదరాబాదో, విశాఖో, విజయవాడో వెళ్లాలి. చాలాచోట్ల స్టైపెండ్ ఇవ్వరు. హాస్టలు ఫీజు, తిండి, ప్రయాణం అన్నీ ఇంట్లోంచే రావాలి. కౌలు రైతు ఇంట్లోనో, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి ఇంట్లోనో ఆరు నెలలపాటు ఆ ఖర్చు ఎవరు పెడతారు? అమ్మాయిని అంత దూరం ఒంటరిగా పంపడానికి ఎంతమంది ఒప్పుకుంటారు? ఒప్పుకుని పంపినవాళ్ల పిల్లలు అక్కడే కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుంటారు, తిరిగి ఇటు రారు. మిగిలినవాళ్లకి పెళ్లవుతుంది, పట్టా బీరువాలోకి వెళ్తుంది. డెల్టాలో చదివిన పిల్లల వల్ల డెల్టాకి ఒరిగేది ఏమీ ఉండటం లేదు.

మనకేమైనా ఆసుపత్రులు లేవా? కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రతి జిల్లాలో ప్రభుత్వాసుపత్రి, దాని కింద ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో డైటీషియన్ ఉండాలని జాతీయ ప్రజారోగ్య ప్రమాణాలే చెబుతున్నాయి. విశ్వవిద్యాలయం ఒక ఒప్పందం రాసుకుంటే అయిపోయే పని ఇది.

2. చట్టం మారింది, మా పాఠాలు మారలేదు.

2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. డైటీషియన్లు, ప్రజారోగ్య న్యూట్రిషనిస్టులు దాని కిందికి వచ్చారు. ఆరోగ్య సంరక్షణ నిపుణులు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. పేరు రిజిస్టరులో ఎక్కాలి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన కొత్త పాఠ్య ప్రణాళికల్లో న్యూట్రిషన్, డైటెటిక్స్ కూడా ఉంది. అదే ఏడాది ఆగస్టులో యూజీసీ ఈ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడానికి వీల్లేదంది.

యూజీసీ నిర్ణయం వల్ల మా లంక గ్రామాల్లో పెళ్లయ్యాక చదువుకుందామనుకున్న ఆడవాళ్లకు దారి మూసుకుపోయింది. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. రోగిని చూడకుండా పథ్యం చెప్పే చదువు ఉండకూడదు. అయితే నాకు ఒక్క సంగతి అర్థం కావడం లేదు. రోజూ తరగతికి వచ్చే మా పిల్లలు కూడా రోగిని చూడకుండానే పట్టా తీసుకుంటున్నప్పుడు, మా రెగ్యులర్ కోర్సుకీ ఆ దూరవిద్యకీ తేడా ఎక్కడుంది? హాజరు పట్టీలో తప్ప నాకైతే కనిపించడం లేదు.

రేపు రిజిస్ట్రేషన్ దగ్గర మా పట్టా చెల్లుతుందా, చెల్లదా? ఇది తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

3. ల్యాబ్ ఉంది, తాళం కూడా ఉంది.

మాంసకృత్తుల శాతం కట్టే జెల్డాల్ పరికరం వచ్చిన అట్టపెట్టెలోనే ఉంది, బిగించడానికి మనిషి రాలేదు. కొవ్వు తీసే సాక్స్‌లెట్‌కి నీటి కనెక్షన్ లేదు. హీమోగ్లోబిన్ చూడటానికి రసాయనాలు అయిపోయాయి, ఇండెంట్ పెట్టాం. ఇక మిగిలింది రికార్డు. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాస్తారు, అందరి పెసరపప్పులోనూ దశాంశ స్థానం దాకా ఒకే ప్రొటీన్ వస్తుంది. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎగ్జామినర్‌కి ఇది తెలియదంటే నేను నమ్మను.

చౌకగా అయ్యేవి కూడా లేవు. పసిపిల్లల జబ్బ కొలిచే టేపు ఎంత ఖరీదని? 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఆ బిడ్డ తీవ్ర పోషకాహార లోపంలో ఉన్నట్టు. అంగన్‌వాడీ టీచరమ్మ చేతిలో ఉన్న టేపు పీజీ విద్యార్థి చేతిలో లేదు.

4. మా విస్తరి మా పాఠాల్లో లేదు.

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మా పిల్లలు పరీక్షలో రాసే డైట్ చార్టు చూడండి. పొద్దున ఓట్స్, బ్రౌన్ బ్రెడ్. మధ్యాహ్నం రెండు పుల్కాలు, సలాడ్. సాయంత్రం యాపిల్. డెల్టాలో మధ్యాహ్నం అన్నం తినకుండా లేచే మనిషిని నాకొకర్ని చూపించండి. ఆ చార్టు తీసుకెళ్లి రాజోలులోనో, నరసాపురంలోనో షుగరున్న ముసలావిడకి ఇస్తే, "అలాగే అమ్మా" అని మడిచి పెట్టుకుంటుంది. ఇంటికెళ్లి ఎప్పట్లాగే తింటుంది. పనికిరాని సలహా ఇచ్చింది మనం.

నిజానికి మన దేశంలో పోషకాహార పరిశోధన మొదలైందే మనలాంటి అన్నం తినేవాళ్ల జబ్బుతో. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి మీద పరిశోధన ప్రారంభించారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లో బెరిబెరి బాగా ఉన్న ప్రాంతం ఏదనుకున్నారు? ఉత్తర సర్కారులు. అంటే గోదావరి జిల్లాలతో సహా మన కోస్తా. మరపట్టిన పచ్చిబియ్యం తినడం, పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం, వీటివల్ల తవుడులో ఉండే బి1 విటమిన్ ఒంటికి అందకుండా పోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు అంతగా లేదు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి. ఇప్పటికీ మన మిల్లుల్లో బొండాలు అనే వరి రకాన్ని ఉప్పుడు బియ్యంగా పట్టి కేరళకు లారీలెక్కిస్తాం, మనం మాత్రం మల్లెపువ్వులాంటి పచ్చిబియ్యం కావాలంటాం. ఇంత కథ ఉన్న జబ్బు మా ప్రశ్నపత్రంలో రెండు మార్కులకు వస్తుంది: "బెరిబెరి లక్షణాలు రాయుము."

ఫోలిక్ యాసిడ్ సంగతీ అంతే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది భీమవరంలో. ఆయన అన్నదమ్ములు ఇద్దర్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తర్వాత అమెరికాలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది, అది ఆ జబ్బుకూ మందైంది. ఈరోజు మన గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే. భీమవరం నుంచి వచ్చే నా విద్యార్థినికి ఈ సంగతి పాఠ్యపుస్తకంలో కాదు, నేను చెబితే తెలిసింది.

మార్టేరు వరి పరిశోధనా స్థానంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, మన చేలల్లో ఎంత పండుతుందో మీకు చెప్పక్కర్లేదు. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి 235 వరి రకాల గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, ప్రకటించారు. రకాన్ని బట్టి అది 48 నుంచి 92 దాకా ఉంది. తక్కువ ఉన్నవాటిలో మన స్వర్ణ ఒకటి. మనం దాన్ని ముతక బియ్యమని అమ్మేసి సన్నబియ్యం కొనుక్కుంటున్నాం. స్వర్ణ తింటే షుగరు తగ్గిపోతుందని కాదు, ఏ బియ్యమైనా కంచం నిండా పెట్టుకుంటే ఒకటే. కానీ అన్నం మానలేని మనిషికి "ఏ బియ్యం, ఎన్ని గరిటెలు, పక్కన పప్పు ఎంత" అని చెప్పగలిగితే ఆ సలహా ఇంట్లో అమలవుతుంది.

ముల్లుతో సహా తినే మెత్తళ్లలో కాల్షియం ఎంత, వాటికి పట్టించిన ఉప్పు బీపీ ఉన్నవాళ్లకి ఎంత చేటు? కంద బచ్చలి, పనసపొట్టు, రొయ్యపొట్టు వేసిన చింతచిగురు, ఒక్కో గిన్నెలో ఏముంది? ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. పెళ్లిలో షుగరున్న బాబాయిగారు ఒకటి తింటే ఏమవుతుందో కూడా మేం చెప్పగలగాలి కదా. 2017లో జాతీయ పోషకాహార సంస్థ 528 ఆహారాల విలువలు కట్టి పట్టికలు ఇచ్చింది. వాటిని పెట్టుకుని మన వంటకాల లెక్క కట్టడం ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. పైసా ఖర్చు లేదు.

5. ఊళ్లోకి పంపరు, పంపితే ఫొటోకే పంపుతారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో అది 63 శాతం. అదే సర్వేలో 36 శాతం మంది ఆడవాళ్లు అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. ఒకే ఇంట్లో కోడలికి రక్తం లేదు, అత్తగారికి ఒళ్లు ఎక్కువ, పిల్లాడు తూకం రాడు.

ఆ కోడలికి ప్రభుత్వం మాత్రలు ఇవ్వడం లేదా అంటే ఇస్తోంది. గర్భిణిగా ఉన్నప్పుడు 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్ర, 180 రోజులు. ఆవిడ దాన్ని టీతో పాటు వేసుకుంటుంది, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. లేదా కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటుంది, అదీ అంతే. విరేచనం నల్లగా అయితే భయపడి మానేస్తుంది. నిమ్మకాయ పిండుకున్న అన్నం తిన్నాక వేసుకోమని, నల్లగా అయితే కంగారు పడొద్దని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఏఎన్ఎం గారికి ఆ పది నిమిషాలు లేవు. మా దగ్గర తరగతి నిండా పిల్లలున్నారు.

రేషను బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వేస్తూ వచ్చారు. బియ్యప్పిండితో చేసిన గింజలవి. మా వీధిలోనే వాటిని ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేశారు. బాలింతకు పథ్యమంటూ కూరలు, పళ్లు ఆపేసి, మంచినీళ్లు కూడా కొలిచి పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కారప్పొడి, నెయ్యి పెట్టనివ్వండి, దాంతోపాటు ఆకుకూర కూడా పెట్టండమ్మా అని ఆ ఇంటి పెద్దావిడకు కోపం రాకుండా చెప్పడం ఒక విద్య. అది పుస్తకంలో దొరకదు, పదిళ్లు తిరిగితే వస్తుంది.

ఇప్పుడేం జరుగుతోంది? సెప్టెంబరు రాగానే పోషణ మాసం. బ్యానరు కడతాం, రంగవల్లి పోటీ పెడతాం, క్యారెట్‌తో పువ్వులు చెక్కుతాం, గ్రూపు ఫొటో దిగుతాం. అక్టోబరులో ఎవరూ కనపడరు.

లంకల గన్నవరంలో అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ఆ పై తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ రావాలని నిబంధన. కంచంలోకి నిజంగా ఎంత వస్తోంది, పిల్లలు ఎంత తింటున్నారు, ఎంత పారేస్తున్నారు? తూకం వేసి లెక్క కట్టే పని మా విద్యార్థులకు అప్పగించండి. ఆ లెక్క విద్యాశాఖకీ పనికొస్తుంది.

6. మేం ఖాళీ వదిలిన చోట పొడి డబ్బాలు వచ్చి కూర్చున్నాయి.

కాకినాడ నుంచి భీమవరం దాకా ఏ పట్నంలో చూసినా న్యూట్రిషన్ సెంటర్ అనే బోర్డు కనపడుతుంది. తెల్లారేసరికి కుర్చీలు వేసి, గ్లాసుల్లో షేక్ కలిపి ఇస్తారు. నడిపేవాళ్లలో చాలామంది న్యూట్రిషన్ ఒక్క పేజీ చదవలేదు. అయినా వాళ్ల దగ్గరికి జనం ఎందుకు వెళ్తున్నారంటే, వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు, పేరు పెట్టి పిలుస్తారు, వారం వారం బరువు చూస్తారు. మా పని వాళ్లు చేస్తున్నారు, తప్పుగా చేస్తున్నారు. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె తాగే డైటు ఊళ్లకి ఊళ్లనే ఊపేసింది, గుర్తుందా? షుగరు మాత్రలు మానేసి డబ్బా పొడి నమ్ముకుని చివరికి కాలి పుండుతో ఆసుపత్రిలో చేరినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని చెప్పింది. ఇంతమందికి సలహా చెప్పే పనిని అమ్మకందారులకి వదిలేద్దామా?

7. చెప్పేవాళ్లు లేరు.

క్లుప్తంగా రాస్తాను, ఇందులో నా స్వార్థం ఉందని అనుకోకుండా. మా దగ్గర బయోకెమిస్ట్రీ నుంచి ఆహార భద్రత దాకా అన్ని పేపర్లూ గెస్ట్ ఫ్యాకల్టీయే చెబుతున్నాం. గంటల లెక్కన జీతం, అదీ నెలల తరబడి ఆలస్యం. వేసవిలో ఏమీ రాదు. వేరే ఉద్యోగం దొరికిన రోజు మనిషి వెళ్లిపోతాడు, సెమిస్టరు మధ్యలో పాఠం ఆగిపోతుంది. ఆసుపత్రిలో పనిచేసిన అనుభవమున్న డైటీషియన్ ఒక్కరు కూడా మా బోధనా సిబ్బందిలో లేరు.

పై కారణాల వల్ల మేం కోరుతున్నవి ఇవి:

1. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రులతోనూ, జిల్లా, ఏరియా ఆసుపత్రులతోనూ రాతపూర్వక ఒప్పందం చేసుకుని, ప్రతి విద్యార్థికీ ఆరు నెలల శిక్షణ ఇంటికి దగ్గరగా దొరికేలా చూడాలి. శిక్షణ డైటీషియన్ పర్యవేక్షణలో జరగాలి. ఆసుపత్రిలో ఆ పోస్టు ఖాళీగా ఉంటే భర్తీ చేయాలని విశ్వవిద్యాలయమే ఆరోగ్య శాఖకు రాయాలి.

2. మా పట్టా 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పాలి. పనికిరాకపోతే, ఇప్పటికే చదువుతున్నవాళ్లకి తక్కువ పడిన గంటలు ఎలా పూర్తి చేయిస్తారో అందులోనే రాయాలి.

3. ఈ సెమిస్టరులోనే ల్యాబ్ తెరవాలి. రికార్డు మార్కులు తగ్గించి, విద్యార్థి ఎగ్జామినర్ ముందు స్వయంగా చేసి చూపించిన పనికి మార్కులు పెంచాలి.

4. పాఠ్య ప్రణాళికలో డెల్టా ఆహారం మీద ఒక పూర్తి పేపరు పెట్టాలి. దాన్ని రాసే సంఘంలో మార్టేరు వరి శాస్త్రవేత్తలకు, ఒక అంగన్‌వాడీ టీచరుకు, బడిలో వండే ఒక వంటమనిషికి చోటివ్వాలి. వంటమనిషి ఎందుకని నవ్వకండి. నూరు మందికి పప్పు వండేటప్పుడు నూనె ఎంత పడుతుందో ఆవిడకు తెలిసినట్టు మాకు తెలియదు.

5. పీజీ రెండో సంవత్సరం విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక అంగన్‌వాడీ, ఒక బడి అప్పగించి ఏడాది పొడవునా పని చేయించాలి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌తో, విద్యాశాఖతో అనుమతుల సంగతి విశ్వవిద్యాలయం చూడాలి, పిల్లల్ని ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు.

6. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒకరోజు పోషకాహార సలహా ఓపీ పెట్టాలి. షుగరు, కిడ్నీ రోగులు, గర్భిణులు డాక్టరుగారి దగ్గర్నుంచి నేరుగా అక్కడికి రావాలి.

7. రెగ్యులర్ పోస్టులు మంజూరు చేయించాలి. అవి వచ్చేదాకా గెస్ట్ ఫ్యాకల్టీకి నెల నెలా జీతం ఇవ్వాలి.

వీటిలో మూడోది, నాలుగోది మీ చేతిలోనే ఉన్నాయి, పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవి ఎందుకు ఆగాయో మాకు తెలియాలి.

రాబోయే విద్యా సంవత్సరం ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చేలోపు మాకు జవాబు కావాలి. మాటగా కాదు, కాగితం మీద. అప్పటికీ రాకపోతే మేం ధర్నాలు చేయం, గేటుకు తాళాలు వేయం. అడ్మిషన్ల రోజుల్లో కళాశాల ముందు నిలబడి, అమ్మాయిని చేర్చడానికి వచ్చిన ప్రతి తండ్రికీ, తల్లికీ ఈ కోర్సులో ఏముందో, ఏం లేదో ఈ లేఖ ప్రతి ఇచ్చి చెబుతాం. చేర్చాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు.

ఇట్లు,
న్యూట్రిషన్ విద్యార్థులు, తల్లిదండ్రుల తరఫున
ఒక పూర్వ విద్యార్థిని, ప్రస్తుత గెస్ట్ ఫ్యాకల్టీ
కోనసీమ